ఆ నీచు వాసన ఎక్కడిది?

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా దోమలగూడలో, మా వీధిలోనే, ఒక శాకాహారుల ఇల్లుంది. ఆ ఇంటి పెద్దావిడకు చక్కెర జబ్బు. డాక్టరుగారు కొత్తగా మెట్‌ఫార్మిన్ మాత్రలు రాశారు. డబ్బా మూత తీయగానే ఆవిడ ముక్కు మూసుకుని, "ఇందులో చేప కలిపారే! నా ఆచారం మంటగలిసిపోయింది" అని మాత్రలు పక్కన పడేసింది. కోడలు వాసన చూసింది. నిజమే, చేపల బజారు పక్కనుంచి పోతే వచ్చే వాసనే. మందు పాడైందనుకుందామా అంటే గడువు ఇంకా రెండేళ్ళుంది. అత్తగారు మాత్ర మానేసి వారం, చక్కెర రెండింతలు. ఇటు చెప్పలేక, అటు ఊరుకోలేక ఆ కోడలు పడ్డ అవస్థ చూశాకే ఈ విషయం మీతో మాట్లాడాలనిపించింది. ఎందుకంటే ఆ మాత్రకూ, ముషీరాబాదు చేపల మార్కెట్టుకూ, మనం గాయానికి పూసుకునే మందుకూ, 1984లో భోపాలులో జరిగిన ఘోరానికీ దూరపు చుట్టరికం ఉంది. ఆ చుట్టాలనే మిథైలమీన్లు అంటారు.

పేరు విని రేడియో కట్టేయకండి. మనకు తెలిసిన దారిలోనే వెళదాం.

పూర్వం వీధుల్లోకి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్ళు వచ్చేవారు, గుర్తుందా? కొలిమిలో గిన్నె ఎర్రగా కాల్చి, అందులో నవాసారం పొడి వేసి గుడ్డతో రుద్దేవారు. గుప్పున తెల్లటి పొగ లేచి ముక్కు అదిరిపోయేది. ఆ ఘాటు అమ్మోనియాది. అమ్మోనియాను మూడు వాటాల ఇల్లు అనుకోండి. నత్రజని ఇంటిగలావిడ. మూడు వాటాల్లోనూ ఉదజని అనే చిన్న సంసారాలు అద్దెకున్నాయి. ఒక ఉదజని ఖాళీ చేసి, ఆ వాటాలోకి మిథైల్ అనే కాస్త పెద్ద సంసారం, అంటే ఒక కర్బనం, దాని వెంట మూడు ఉదజనులు, దిగిందనుకోండి. అది మిథైలమీన్. రెండు వాటాల్లో మిథైళ్ళు దిగితే డైమిథైలమీన్. మూడూ వాళ్ళే అయితే ట్రైమిథైలమీన్. అంతే సంగతి.

మూడూ వాయువులే. మిథైలమీన్ సున్నాకు 6 డిగ్రీల దిగువన, ట్రైమిథైలమీన్ 3 డిగ్రీల దగ్గర, డైమిథైలమీన్ 7 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంటే మన హైదరాబాదు సంక్రాంతి చలికి కూడా ఇవి ద్రవాలుగా నిలవవు. నిప్పు తగిలితే మండుతాయి. నీళ్ళలో మాత్రం ఎంతైనా కరుగుతాయి, అందుకే కర్మాగారాలవాళ్ళు వీటిని నీళ్ళలో కలిపి పీపాలకెత్తుతారు. గాఢంగా ఉంటే అమ్మోనియాలాగే కళ్ళు మండిస్తాయి. కాస్త పలచబడితే చేపల వాసన. మూడింటిలోనూ ఆ వాసనకు పెట్టింది పేరు ట్రైమిథైలమీన్. దీన్ని పసిగట్టడంలో మన ముక్కు అసాధ్యురాలు. గాలిలో లేశమాత్రం, వందకోట్ల పాళ్ళలో ఏ కొన్ని పాళ్ళో ఉన్నా పట్టేస్తుంది. చెడిన ఆహారం తినకుండా కాపాడడానికి దేవుడిచ్చిన కాపలాదారు కాబోలు.

వీటి ముఖ్య గుణం ఇంకొకటుంది. ఇవి క్షారాలు. క్షారమంటే ఏమిటో మనకెవరూ చెప్పనక్కరలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా, పసుపు మరక మీద సబ్బు రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది కదా, అదే క్షార గుణం. మిథైలమీన్ నీళ్ళు పోసినా పసుపు అలాగే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండండి, మళ్ళీ పచ్చబడుతుంది. క్షారం, పులుపు కలిస్తే రెండూ చల్లబడి ఉప్పులాంటి లవణం అవుతుంది. లవణం గాలిలోకి లేవదు. గాలిలోకి లేవనిది ముక్కుకు తగలదు. మన చేపల పులుసు రహస్యమంతా ఈ నాలుగు మాటల్లో ఉంది.

సముద్రపు చేప ఉప్పునీటిలో బతకాలి. బయటి ఉప్పు దాని ఒంట్లో నీటిని లాగేయకుండా కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం దాచుకుంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక సూక్ష్మజీవులు చేరి అందులోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి. మిగిలేది ట్రైమిథైలమీన్. అంచేత ఇప్పుడే పట్టిన చేపకు నీచు వాసన ఉండదు, సముద్రపు గాలి వాసనే ఉంటుంది. విశాఖ, కాకినాడ ఆడపడుచులు "మీ హైదరాబాదులో వంజరం తినలేం" అని మూతి తిప్పితే ఊరిమీద గర్వమనుకోకండి, అందులో శాస్త్రముంది. ఐసులో వచ్చినా అన్ని గంటల ప్రయాణంలో వాసన పోగవుతుంది మరి.

మనకు రోజూ దొరికే బొచ్చె, రవ్వ, కొరమీను మంచినీటి చేపలు. వీటిలో ఈ ఆక్సైడు చాలా తక్కువ. వీటికి వచ్చేది మట్టి వాసన. చెరువులోని నాచు, సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ దానికి కారణం. తొలకరి చినుకు పడగానే నేల కమ్మగా వాసన వేస్తుందే, అందులో ఉన్నదీ అదే. నేలలో కమ్మన, పళ్ళెంలో కంపు! తమాషా ఏమిటంటే ఈ జియోస్మిన్ కూడా పులుపుకు విరిగిపోతుంది. మృగశిర కార్తె నాడు రాంనగర్ మార్కెట్టులో తోసుకుంటూ కొన్న కొరమీనైనా, ఐసుపెట్టెలో వచ్చిన చందువైనా, మన అమ్మమ్మలు చింతపండు పులుసే పెట్టారంటే ఊరికే కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రెండు రకాల వాసనలకూ మందే. నిమ్మకాయ, పుల్ల మజ్జిగ, మామిడికాయ చేసేదీ అదే పని. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి కడిగాక నిమ్మరసమో మజ్జిగో పోసి పావుగంట ఉంచి, మళ్ళీ కడిగి వండి చూడండి.

ఇక గిన్నెల సంగతి. చేప తోమిన చేతులకు వెంటనే సబ్బు రుద్దేస్తాం. వాసన తగ్గకపోగా ఒక్కసారి భగ్గుమంటుంది. సబ్బు క్షారం కదా, కూరలోని పులుపు పట్టి ఉంచిన అమీన్‌ను అది విడిపించి గాలిలోకి వదులుతుంది. అందుకని ముందు పిండేసిన నిమ్మచెక్కో, పిప్పి చింతపండో చేతులకు, గిన్నెలకు, కత్తిపీటకు రుద్ది చన్నీళ్ళతో కడిగేయాలి. సబ్బు తరవాత. కత్తిపీటను మాత్రం వెంటనే తుడిచి ఆరబెట్టండి, పులుపుకు ఇనుము తుప్పు పడుతుంది.

ఒక్క హెచ్చరిక. వాసన పోయిందంటే చేప బాగుపడిందని అర్థం కాదు. నిమ్మకాయ అమీన్‌ను కట్టేస్తుందే గాని, కుళ్ళును వెనక్కి తిప్పదు. కానాగంతల వంటి సముద్రపు చేపలు ఎండలో ఉంటే హిస్టమిన్ అనే మరో పదార్థం పుడుతుంది. అది తింటే ఒళ్ళు ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. కాబట్టి మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బుగా, వేలితో నొక్కితే కండ తిరిగి లేచేట్టు ఉన్న చేపే కొనండి. వంటగదిలో పులుపు ఉంది కదా అని బజారులో ముక్కు మూసుకోవద్దు.

ఇప్పుడు కొంచెం మనసుకు కష్టమైన మాట చెప్పాలి. ఈ వాసన కొందరు మనుషుల ఒంటినుంచి కూడా వస్తుంది. చేప ముట్టనివాళ్ళకు కూడా. రోజుకు రెండుసార్లు తలంటుకున్నా వస్తుంది. మహాభారతంలో మత్స్యగంధి కథ మనందరికీ తెలుసు. పరాశరుడి వరంతో ఆమె యోజనగంధి అయింది. మన ఇళ్ళలోని మత్స్యగంధులకు వరమిచ్చే మునులు లేరు, మాటలనేవాళ్ళే ఉన్నారు.

జరిగేది ఇది. గుడ్డు పచ్చసొన, కార్జం, సోయా, చిక్కుళ్ళు, శనగల వంటి వాటిలో కోలీన్ అనే పోషకం ఉంటుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు దానిలో కొంత భాగాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. కాలేయంలో ఉండే ఒక ఎంజైము దానికి ప్రాణవాయువు తగిలించి, వాసన లేని ఆక్సైడుగా మార్చి, మూత్రంలో పంపేస్తుంది. చేపలో జరిగినదానికి ఇది తలకిందులు పని అన్నమాట. ఆ ఎంజైము పుట్టుకతోనే సరిగా లేనివాళ్ళలో ట్రైమిథైలమీన్ అలాగే నిలిచి చెమటలో, ఊపిరిలో, మూత్రంలో బయటకు వస్తుంది. వైద్యులు దీన్ని 1970లో గుర్తించి రాశారు. కారణమైన జన్యువు ఏదో 1997లో తేలింది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తే వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, శుభ్రత లేకపోవడం కాదు, ఎవరి పాపమూ కాదు.

చాలా అరుదైన జబ్బే. కాని అది ఉన్న పిల్లకు అరుదు అన్న మాట ఏం ఓదార్పు? పెద్దమనిషి అయ్యే వయసులో ఎక్కువవుతుంది. నెలసరి రోజుల్లో ఇంకా ఎక్కువవుతుంది. తన వాసన తనకు తెలియకపోవచ్చు కూడా. బడిలో పక్క బల్ల పిల్లలు జరిగి కూర్చుంటారు. బస్సులో ఎవరో కిటికీ తీస్తారు. ఆ పిల్ల నోరు విప్పడం మానేస్తుంది. పెళ్ళయ్యాక అత్తవారింట "స్నానం చేశావా?" అనే ప్రశ్న రోజూ ఎదురైతే ఆ మనిషి గతేమిటి? మీ ఇంట్లో, మీ వాడలో ఇలాంటి పిల్ల ఉంటే, తిట్టే ముందు డాక్టరుకు చూపించండి. మూత్ర పరీక్షలో ట్రైమిథైలమీన్ ఎంత, ఆక్సైడు ఎంత అని చూసి తేలుస్తారు. మన డాక్టర్లలో కూడా దీన్ని చూసినవారు తక్కువ, కాబట్టి ఈ అనుమానం మీరే చెప్పినా తప్పులేదు.

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు, అదుపులో పెట్టే మార్గాలున్నాయి. సముద్రపు చేప, గుడ్లు, కార్జం, సోయా తగ్గించడం ఒకటి. మామూలు ఒంటి సబ్బు క్షారం కనుక దాని బదులు చర్మానికి సరిపోయే 5.5 పి.హెచ్. అని రాసి ఉండే పులుపు పాలు సబ్బులు వాడడం ఇంకొకటి. వంటగదిలో నిమ్మచెక్క చేసిన పనే చర్మం మీద ఆ సబ్బు చేస్తుంది. కొందరికి రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, డాక్టర్లు ఇస్తారు. అయితే కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఆహారం తగ్గించకూడదు. కడుపులో బిడ్డ మెదడుకు కోలీన్ కావాలి.

ఇదికాక ఆడవాళ్ళకే వచ్చే మరో బాధ ఉంది. సిగ్గుపడి చెప్పుకోం గాని చాలామందికి వచ్చేదే. తెల్లబట్టతోపాటు చేపల వాసన రావడం, అదీ కలయిక తరవాత ఎక్కువ కావడం. లోపల ఉండవలసిన మంచి సూక్ష్మజీవులు తగ్గి, వేరే రకాలు పెరిగితే ఇలా అవుతుంది. వాళ్ళు తయారుచేసేదీ ఈ ట్రైమిథైలమీనే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ చోటు పులుపు గుణంతో ఉంటుంది. అక్కడ సబ్బు, డెట్టాలు పోసి కడిగితే ఆ పులుపు పోయి సమస్య పెరుగుతుంది. పైపైన మంచినీళ్ళు చాలు. డాక్టరమ్మ దగ్గరకు వెళితే మాత్రలతోనో, పూతమందుతోనో తగ్గిపోయే విషయం. గర్భిణులు అసలే అశ్రద్ధ చేయకూడదు, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది.

ఇక మన పెద్దావిడ మాత్ర దగ్గరకు వద్దాం. మెట్‌ఫార్మిన్ తయారీలో ముఖ్య సరుకు డైమిథైలమీన్. దాని లవణాన్ని డైసయన్‌డయమైడ్ అనే తెల్లటి పొడితో కలిపి వేడిచేసి ఈ మందు చేస్తారు. 1922లో డబ్లిన్ నగరంలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మొదటిసారి తయారుచేశారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే డాక్టరు చక్కెర జబ్బుకు వాడి చూపించారు. చేపకూ ఈ మందుకూ ఏ సంబంధమూ లేదు. అమీన్ కుటుంబపు వాసన కొంత అలా అంటిపెట్టుకుని ఉంటుంది, అంతే. 2010లో అమెరికా వైద్యులు కొందరు, ఈ వాసన భరించలేకే రోగులు మందు మానేస్తున్నారని వైద్య పత్రికలో రాశారు. కాబట్టి దోమలగూడ అత్తగారు ఒంటరి కాదు! మూత కాసేపు తీసి పెట్టి తరవాత మాత్ర తీసుకోవడం, అన్నం మధ్యలో నీళ్ళతో గుటుక్కున మింగడం, పైన పూత ఉన్న రకం రాయమని డాక్టరును అడగడం — ఇవన్నీ చేయవచ్చు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను మాత్రం నమలకూడదు, పొడి చేయకూడదు. తనంతట తాను మందు మానేయడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఆ ఇంట్లో కోడలు ఈ సంగతి డాక్టరుగారి చేతే చెప్పించింది, అత్తగారు ఒప్పుకున్నారు. కోడలి మాటకన్నా కోటు మాటకు బలమెక్కువ లెండి.

ఇదే డైమిథైలమీన్‌కు ఒక చెడు స్నేహం ఉంది. నైట్రైట్‌తో కలిస్తే ఎన్.డి.ఎమ్.ఏ. అనే పదార్థం పుడుతుంది. కాన్సరు తెచ్చే అవకాశం ఉందని దాన్ని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా అనుమానిస్తున్నారు. కడుపు మంటకు మనమంతా వాడిన రానిటిడిన్ మందు నిలవ ఉంటే, ముఖ్యంగా వేడికి, అందులో ఇది పెరుగుతోందని తేలి, 2020 ఏప్రిల్లో అమెరికా ప్రభుత్వం ఆ మందును మొత్తం బజారు నుంచి తీసేయించింది. మన దేశం 2022లో అత్యవసర మందుల పట్టికనుంచి దాన్ని తొలగించింది. మీ మందుల డబ్బాలో పాత రానిటిడిన్ ఉంటే వేసుకోకుండా డాక్టరును అడగండి. ఏ మందునైనా పొయ్యి పక్క అలమరలోనో, ఎండ పడే కిటికీలోనో పెట్టవద్దు.

మన వాడుకలో ఈ కుటుంబం ఇంకెక్కడెక్కడ ఉందో త్వరగా చెబుతాను. దెబ్బ తగిలితే వాడే సావ్‌లాన్‌లో సెట్రిమైడ్ ఉంటుంది. తలకు పూసుకునే కండిషనర్ సీసా మీద ట్రిమోనియం క్లోరైడ్ అని తోక ఉన్న పేరు కనిపిస్తుంది. రెంటిలోనూ మూడు మిథైళ్ళున్న నత్రజనే ఉంది, వాసన మాత్రం లేదు. సావ్‌లాన్ వాడేముందు గాయం మీది సబ్బును పూర్తిగా కడిగేయాలి. సబ్బు, సెట్రిమైడ్ ఎదురెదురు విద్యుత్ గుణాలవి, కలిస్తే మందు బలం పోతుంది. కోళ్ళ దాణాలో కలిపే కోలీన్ క్లోరైడుకు మూలం ట్రైమిథైలమీన్. ఆ కోళ్ళలో కూడా, గోధుమరంగు గుడ్లు పెట్టే జాతుల్లో కొన్నిటికి, మనుషుల్లో చెప్పిన ఎంజైము లోపమే ఉంటుంది. వాటికి ఆవపిండి చెక్క జాతివి ఎక్కువ మేపితే గుడ్డు నీచు వాసన కొడుతుంది. ఈసారి అలాంటి గుడ్డు తగిలితే మురిగిందని కోప్పడకండి, కోడి పుట్టుక అలాంటిది.

వీటిని తయారుచేయడంలో మనవాళ్ళ చెయ్యి ఉంది. మగ్గం పనికోసం తెలుగు పద్మశాలీలు తరలివెళ్ళిన సోలాపూర్ మీకు దుప్పట్లతో పరిచయమే. ఆ ఊరు కేంద్రంగా తెలుగువాళ్ళు 1988లో బాలాజీ అమైన్స్ మొదలుపెట్టి, మిథైలమీన్లు చేస్తూ వచ్చారు. హైదరాబాదు దగ్గర బొల్లారంలో కూడా వాళ్ళకు ఒక కర్మాగారం ఉంది. పద్ధతి వినడానికి సులువే. మిథైల్ ఆల్కహాలును అమ్మోనియాతో కలిపి, 400 డిగ్రీల వేడి దరిదాపుల్లో ఒక ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. మూడు అమీన్లూ కలగలిసి వస్తాయి. మరిగే వేడి తేడాను బట్టి వేరుచేస్తారు. ఇక్కడ బాలానగర్‌లో 1960లలో ఐడీపీఎల్ వెలిసిన తరవాత ఊరి చుట్టూ మందుల పరిశ్రమ పెరిగింది కదా, ఆ పరిశ్రమకు ఇవి ఉప్పూపప్పుల్లాంటివి.

ఉప్పూపప్పుల్లాంటివే గాని, అజాగ్రత్తకు క్షమాపణ లేనివి. మిథైలమీన్‌ను ఫాస్జీన్‌తో కలిపితే మిథైల్ ఐసోసయనేట్ వస్తుంది. పురుగుమందు చేయడానికి భోపాలు యూనియన్ కార్బైడ్‌లో నిలవ చేసినది అదే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక ట్యాంకులోకి నీరు చేరి, టన్నుల కొద్దీ విషవాయువు నిద్రపోతున్న ఊరిమీదికి పాకింది. వేలమంది ఆ రాత్రే, ఆ వారంలోనే పోయారు. బతికినవారిలో ఎందరో తల్లులకు గర్భాలు నిలవలేదు.

ఈ భయం మనకు చాలా దూరంలో లేదు. ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు అమ్మోనియాతో నడుస్తాయి, అవి ఇళ్ళ మధ్యనే ఉంటాయి. ఏ రాత్రైనా ఘాటు వాసన వచ్చి కళ్ళు మండితే, ఏమైందో చూద్దామని అటు వెళ్ళకండి. పరుగెత్తకండి, ఊపిరి ఎక్కువ పీలుస్తారు. ఇవి నీళ్ళలో కరిగే వాయువులని మొదటే చెప్పుకున్నాం కదా, చీర చెంగో, తువ్వాలో తడిపి ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకోండి. పిల్లలకూ అలాగే కట్టండి. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా పక్కకు నడవండి. బయటకు వెళ్ళే వీలు లేకపోతే తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, పొయ్యి, దీపం ఆర్పేయండి. కళ్ళు మండితే పావుగంటసేపు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి, నలపకూడదు. ఫోను అందుబాటులో ఉన్నవాళ్ళు 101కి గాని, 112కి గాని చేసి వీధి పేరు, వాసన ఎటునుంచి వస్తోందో ముందు చెప్పండి.